ఒక దేశంలో పాసైన రైలింజన్‌ని పక్క దేశం పట్టాలెక్కించడం ఎలా

తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌కి హైదరాబాద్‌లో తగిలించిన ఇంజనే మామూలుగా ఢిల్లీ దాకా లాగుతుంది. పదహారు వందల కిలోమీటర్ల పైమాటే, దారిలో రాష్ట్రాలు మారతాయి, రైల్వే జోన్లు మారతాయి, అయినా ఇంజన్‌ని ఆపి నీ కాగితాలేవీ అని అడిగేవాళ్లు ఉండరు. పైన తీగలో అంతటా 25 వేల వోల్టులు, కింద అంతటా అదే బ్రాడ్‌గేజ్, డిజైన్ చూసి సరే అనేది లక్నోలోని రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ ఒక్కటే. యూరప్‌లో రాటర్‌డామ్ నుంచి ఇటలీలోని జెనోవాకి దూరం అంతకంటే తక్కువే, కానీ దారిలో నాలుగు దేశాలు, మూడు నాలుగు రకాల కరెంటు, దేశానికో సిగ్నలింగ్ పద్ధతి. ఒక దేశం పాస్ చేసిన ఇంజన్‌ని పక్క దేశం నమ్మాలంటే ఏం చేయాలి అన్నదే ఇక్కడ విషయం.

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కూర్చుని యూరప్ రైళ్ల ఫైళ్లు తయారుచేసే ఇంజనీర్లకి, జర్మనీ వైపు ఇదే పనికి వెళ్లిన మనవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నాను. నేనూ ఈ ఫైళ్లతోనే తల బొప్పి కట్టించుకున్నవాణ్ణి కాబట్టి చేసిన తప్పులు కూడా చెప్తాను.

ఒక ఉదాహరణ పట్టుకుందాం. జర్మనీ, ఆస్ట్రియాల్లో తిరగడానికి అనుమతి ఉన్న ఎలక్ట్రిక్ గూడ్స్ ఇంజన్ మీ చేతిలో ఉంది. కస్టమర్ దాన్ని నెదర్లాండ్స్‌లోకి, రాటర్‌డామ్ పోర్టు దాకా పంపాలంటున్నాడు. యూరప్ భాషలో దీని పేరు వాడుక ప్రాంతం పొడిగింపు, అందరూ ఏరియా ఆఫ్ యూజ్ అనే అంటారు.

ముందు కొంచెం నేపథ్యం, రెండు నిమిషాలే. వ్యాగన్లు సరిహద్దు దాటడం యూరప్‌కి కొత్తేమీ కాదు. 1882లోనే బెర్న్ నగరంలో దేశాలు కూర్చుని పట్టాల వెడల్పు, వ్యాగన్ల కొలతలు ఒక్కలా ఉండాలని మాట్లాడుకోవడం మొదలుపెట్టాయి. 1922 నుంచి వ్యాగన్లు ఇచ్చిపుచ్చుకోవడానికి ఆర్‌ఐవీ ఒప్పందం ఉంది. వ్యాగన్ అంటే చక్రాలు, బ్రేకులు, కొక్కేలు, అంతే కదా. ఇంజన్ అలా కాదు, దానికి పైన తీగతో, కింద సిగ్నల్‌తో నేరుగా సంబంధం, ఆ రెండూ ప్రతి దేశం తనకి తోచినట్టు కట్టుకుంది. అందుకే ఇంజన్లకి, విడిగా ఇంజన్ లేని సెట్ రైళ్లకి ప్రతి దేశంలో మళ్లీ మొదట్నుంచీ పరీక్ష. జర్మనీ రైల్వే 2008లో ఆర్డరిచ్చిన క్లాస్ 407 ఐసీఈ హైస్పీడ్ రైళ్లు బెల్జియం, ఫ్రాన్స్‌లకి కూడా వెళ్లాలని కొన్నవి, 2011 చివరికి నడవాల్సినవి. సొంత దేశంలోనే వాటికి అనుమతి 2013 డిసెంబరులో గానీ రాలేదు, ఫ్రాన్స్ అనుమతి ఆ తర్వాతి మాట.

ఈ గోల తగ్గించడానికే 2016లో నాలుగో రైల్వే ప్యాకేజీ అనే యూరోపియన్ యూనియన్ చట్టాల కట్ట వచ్చింది. 2019 జూన్ 16 నుంచి ఒకటి కంటే ఎక్కువ దేశాల్లో తిరిగే బండికి అనుమతిచ్చే అధికారం ఈఆర్‌ఏ అనే ఉమ్మడి ఏజెన్సీది, దాని ఆఫీసు ఫ్రాన్స్‌లోని వాలెన్సియెన్‌లో ఉంటుంది. మొదట 8 దేశాలు చేరాయి, కోవిడ్ వల్ల గడువు జరిగి మిగతావి 2020 అక్టోబరు 31 నాటికి చేరాయి. మీ టేబుల్ మీద ఎప్పుడూ ఉండాల్సినవి రెండు: 2016/797 నంబరు డైరెక్టివ్, 2018/545 నంబరు రెగ్యులేషన్. మొదటిది ఏం కావాలో చెప్తుంది, రెండోది ఎలా అడగాలో చెప్తుంది. రెండోదాన్ని కనీసం రెండుసార్లు పూర్తిగా చదవండి, సారాంశాలు చదివి పని మొదలుపెట్టకండి.

ఒక మాట, ఇదంతా మెయిన్‌లైన్ రైళ్ల సంగతి. మెట్రోలు, ట్రాములు ఈ డైరెక్టివ్ కిందకి రావు. మన శ్రీసిటీలో తయారై సిడ్నీకి వెళ్లిన మెట్రో రైళ్ల పనిలో ఉన్నవాళ్లెవరైనా చదువుతుంటే ఆ లెక్క వేరు.

మొదటి పని: ఇంజన్‌ని పక్కన పెట్టి పట్టాలు చూడండి

అందరూ ఇక్కడే తప్పు చేస్తారు. ఇంజన్ డ్రాయింగులు, పాత సర్టిఫికెట్లు ముందేసుకుని ఇన్ని ఉన్నాయి కదా, ఇంకేం కావాలి అని మొదలుపెడతారు. అనుమతి అనేది ఇంజన్‌కి ఒక్కదానికే ఇచ్చే మార్కుల పత్రం అనుకోవద్దు. ఈ ఇంజనూ ఆ పట్టాలూ కలిసి క్షేమంగా పనిచేస్తాయా అన్న ప్రశ్నకి జవాబు అది. పట్టా మారితే ప్రశ్న మారుతుంది, జర్మనీ జవాబు అక్కడ చెల్లదు. పెళ్లి సంబంధం లాంటిది, అబ్బాయి ఎంత మంచివాడైనా అవతలివైపు ఎవరో చూడకుండా జాతకం కలవదు.

కాబట్టి ముందు బండి ఎక్కడెక్కడ తిరగాలో కస్టమర్ చేత రాతపూర్వకంగా చెప్పించుకోండి. రాటర్‌డామ్ అంటే సరిపోదు. జర్మనీ సరిహద్దులో జేవనార్ నుంచి రాటర్‌డామ్ వెళ్లే బెటువే గూడ్స్ లైను 2007లో తెరిచారు, దాదాపు 160 కిలోమీటర్లు, 25 వేల వోల్టుల ఏసీ, ఈటీసీఎస్ అనే యూరప్ ఉమ్మడి సిగ్నలింగ్. నెదర్లాండ్స్‌లో మిగతా లైన్లు ఎక్కువభాగం 1,500 వోల్టుల డీసీ, ఏటీబీ అనే పాత రక్షణ వ్యవస్థ. బెటువే ఒక్కటే చాలంటే మీ పని సగం. ఏదైనా రిపేరు వచ్చి బెటువే మూసేస్తే పక్క లైనులో వెళ్లాలి కదా అని కస్టమర్ ఆర్నెల్ల తర్వాత గుర్తు చేసుకుంటే మీ పని రెండింతలు, అప్పటికి బడ్జెట్ అయిపోయి ఉంటుంది.

ఇక్కడే ఇంకో గందరగోళం ఉంది. అనుమతిలో రాసే వాడుక ప్రాంతం మొత్తం నెట్‌వర్క్ స్థాయిలో ఉంటుంది. ఫలానా లైను మీద, ఫలానా వంతెన మీద ఈ బండి వెళ్లొచ్చా అన్నది తర్వాత రైలు నడిపే కంపెనీ చూసుకోవాల్సిన పని, దాన్ని రూట్ కంపాటిబిలిటీ చెక్ అంటారు. లైన్ల వివరాలు ఆర్‌ఐఎన్‌ఎఫ్ అనే ఉమ్మడి రిజిస్టర్‌లో దొరుకుతాయి. ఈ రెండూ కలిపేసి వంతెన లెక్కలన్నీ అనుమతి ఫైల్‌లో కుక్కిన టీమ్‌ని చూశాను, చదివేవాళ్లకి విసుగు, రాసినవాళ్లకి గంటలు దండగ.

ఇంకో చిట్కా. సరిహద్దుకి దగ్గర్లో ఉన్న పక్క దేశం స్టేషన్ దాకా వెళ్లి వెనక్కి రావడమే కావాలంటే, రెండువైపులా నెట్‌వర్క్ ఒకేలా ఉంటే, పొడిగింపు లేకుండానే వెళ్లడానికి డైరెక్టివ్‌లోనే వీలుంది. ఆయా దేశాల భద్రతా సంస్థల్ని సంప్రదించాలి, అంతే. ఈ వెసులుబాటు ఉందని తెలియక పూర్తి దరఖాస్తు పెట్టేవాళ్లూ ఉన్నారు.

రెండో పని: మీది ఏ రకం దరఖాస్తో తేల్చుకోండి

రెగ్యులేషన్‌లో అయిదు రకాలున్నాయి. మొదటిసారి అనుమతి, టైప్ (అంటే బండి డిజైన్) అనుమతి పునరుద్ధరణ, వాడుక ప్రాంతం పొడిగింపు, మార్పు చేసినందుకు కొత్త అనుమతి, ఇప్పటికే పాసైన టైప్‌కి నకలుగా కట్టిన బండికి అనుమతి. చివరిది చాలా తేలిక, నెలలోపు నిర్ణయం రావాలి.

మనది పొడిగింపు కదా అని వెంటనే టిక్ పెట్టకండి. ఇంజన్‌లో ఒక్క తీగ కూడా మార్చకుండా నెదర్లాండ్స్ వెళ్తుందా అని అడగండి. ఏటీబీ పరికరం కొత్తగా బిగించాలంటే, డీసీ కోసం సాఫ్ట్‌వేర్ మార్చాలంటే, డిజైన్ మారినట్టే. మార్పులకి నాలుగు గదులున్నాయి: ఫైల్‌కి సంబంధమే లేని చిన్న మార్పు, ఫైల్ సవరిస్తే చాలే మార్పు, టైప్‌కి కొత్త వెర్షన్ పుట్టించే మార్పు, కొత్త అనుమతి తప్పనిసరి చేసే మార్పు. నాలుగో గదిలో పడితే కొత్త అనుమతినీ పొడిగింపునీ కలిపి ఒకే దరఖాస్తుగా పెట్టొచ్చు, అలాగే పెట్టండి. ఏ గదిలో ఎందుకు వేశారో ఒక పేజీ రాసి ఉంచుకోండి, రేపు ఎవరైనా తప్పకుండా అడుగుతారు.

మూడో పని: తేడాల పట్టిక, అసలు కష్టమంతా ఇక్కడే

ఎడమవైపు జర్మనీ-ఆస్ట్రియా, కుడివైపు నెదర్లాండ్స్, మధ్యలో ఒక్కో అంశం. ఎవరో ఇచ్చిన టెంప్లేట్ నింపకండి, మీ చేత్తో మీరే వేయండి. వేస్తుంటేనే విషయం తలకెక్కుతుంది.

కరెంటుతో మొదలుపెట్టండి. జర్మనీ, ఆస్ట్రియాల్లో 15 వేల వోల్టులు, 16.7 హెర్ట్జ్. మీ ఇంజన్ 6.4 మెగావాట్లది అనుకుంటే 15 వేల వోల్టుల దగ్గర తీగ నుంచి లాగేది సుమారు 430 ఆంపియర్లు. అదే శక్తి 1,500 వోల్టుల దగ్గర కావాలంటే 4,270 ఆంపియర్ల దాకా పోతుంది. పది రెట్లు. ఇంజన్ నెత్తిన తీగ నుంచి కరెంటు అందుకునే పాంటోగ్రాఫ్, దాని మీదున్న కార్బన్ పట్టీ, తీగ, సబ్‌స్టేషన్ అన్నీ ఆ భారం మోయాలి. అందుకే డీసీ కింద ఇలాంటి ఇంజన్లు పూర్తి శక్తి వాడలేవు, కరెంటుకి పరిమితి పెట్టాలి, ఆ పరిమితి సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడుందో, డ్రైవర్ పొరపాటున దాటగలడో లేదో రుజువు చూపాలి. బండి ఆగి ఉన్నప్పుడు పాంటోగ్రాఫ్ తాకే చోట తీగ వేడెక్కడం ఇంకో అంశం. ఏసీలో ఎవరూ పెద్దగా పట్టించుకోరు, డీసీలో తీగ మెత్తబడే ప్రమాదం ఉంటుంది కాబట్టి కొలిచి చూపమంటారు.

పాంటోగ్రాఫ్ తల వెడల్పు ఈ మూడు దేశాల్లోనూ 1,950 మిల్లీమీటర్లు కాబట్టి ఇక్కడ బతికిపోయారు. స్విట్జర్లాండ్‌కైతే 1,450 కావాలి, ఇంజన్ నెత్తిన ఇంకో పాంటోగ్రాఫ్.

ఇప్పుడు ట్రాక్ సర్క్యూట్లు. రైళ్లతో సంబంధం లేనివాళ్ల కోసం: పట్టాల్లోకి చిన్న కరెంటు పంపి, అది అవతలికి చేరిందా లేదా అన్నదాన్ని బట్టి ఆ ముక్క మీద రైలుందో లేదో సిగ్నలింగ్ తెలుసుకుంటుంది. జర్మనీలో ఈ కరెంటు 42 హెర్ట్జ్, 100 హెర్ట్జ్ లాంటి ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది, నెదర్లాండ్స్‌లో 75 హెర్ట్జ్, పైగా ఏటీబీ వేగం సంకేతాలు కూడా ఆ 75 హెర్ట్జ్ మీదే కోడ్ అయి వస్తాయి. మీ ఇంజన్‌లో మోటార్లకి కావాల్సినట్టు కరెంటుని మార్చి ఇచ్చే ఇన్వర్టర్ పనిచేస్తున్నప్పుడు రకరకాల ఫ్రీక్వెన్సీల్లో చెత్త కరెంటు పట్టాల్లోకి పోస్తుంది. జర్మనీ కోసం డిజైన్ చేసినవాళ్లు 42, 100ల దగ్గర శుభ్రంగా ఉంచి ఉంటారు, 75 దగ్గర ఎవరు చూశారు? అక్కడ కరెంటు పరిమితి దాటితే రైలున్న ముక్క ఖాళీగా కనిపించే ప్రమాదముంది. సికింద్రాబాద్ ఇరిసెట్‌లో చదువుకున్న సిగ్నలింగ్ మిత్రులకి ఇది కొత్త కాదు, మన దగ్గర త్రీఫేజ్ ఇంజన్లు వచ్చినప్పుడూ ఇవే ట్రయల్స్ చేశారు. తేడా ఏంటంటే ఇక్కడ పరిమితి దేశానికొకటి, కొలిచే విధానం కూడా దేశానికొకటి కావొచ్చు.

పట్టా పక్కన ఉండి చక్రాలు లెక్కపెట్టే యాక్సిల్ కౌంటర్ల విషయంలో నయం. 033281 అనే నంబరుతో అందరూ పిలిచే ఉమ్మడి పత్రం ఒకటుంది, బండి ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత అయస్కాంత క్షేత్రం దాటకూడదో యూరప్ మొత్తానికీ అందులోనే ఉంటుంది. జర్మనీ కోసం దాని ప్రకారం కొలిచి ఉంటే ఆ రిపోర్టు ఇక్కడా పనికొస్తుంది. నియమాలు కలపడం అని పెద్ద మాటల్లో చెప్పేదానికి నాకు కనిపించే అసలు లాభం ఇదే: ఒక్కసారి కొలువు, ఇరవై చోట్ల చూపించు.

ఈటీసీఎస్ ఉంది కదా, అది ఉమ్మడిది కదా అంటారేమో. పేరుకి ఉమ్మడే. లైన్ల మీద వేర్వేరు కంపెనీలు, వేర్వేరు కాలాల్లో, వేర్వేరు వెర్షన్లు బిగించాయి. అందుకే బండిలోని ఈటీసీఎస్ ఫలానా లైన్లతో నిజంగా మాట్లాడగలదా అని చూసే ఈఎస్‌సీ పరీక్షలు, రేడియోకి ఆర్‌ఎస్‌సీ పరీక్షలు ఉన్నాయి. మీ రూట్‌కి ఏ ఈఎస్‌సీ రకాలు కావాలో ఈఆర్‌ఏ ప్రచురించే జాబితాలో చూసుకోండి, ఇది ఆఖర్న చూద్దాంలే అని వదిలేస్తే ల్యాబ్ స్లాట్ దొరక్క నెలలు పోతాయి.

నాలుగో పని: దేశీయ నియమాల్లో ఏవి నిజంగా అడగొచ్చో చూడండి

యూరప్ మొత్తానికి ఉమ్మడి నియమాల్ని టీఎస్‌ఐలు అంటారు, ఇంజన్లకి ముఖ్యమైనది 1302/2014, సిగ్నలింగ్‌కి ఇప్పుడున్నది 2023/1695. టీఎస్‌ఐ చెప్పిన చోట దేశం తన సొంత నియమం పెట్టకూడదు. టీఎస్‌ఐ ఖాళీ వదిలిన చోట, పాత వ్యవస్థతో పొసగాల్సిన చోట, ప్రత్యేక సందర్భంగా ఒప్పుకున్న చోట మాత్రమే దేశీయ నియమాలు మిగులుతాయి. ఒకప్పుడు ఇవి వేలల్లో ఉండేవి, ఏళ్ల తరబడి ఏరి పారేశారు. ఏరే ముందు వాటికి ఏ, బీ, సీ అని గ్రూపులు పెట్టారు: పక్క దేశం నియమంతో సమానమైనవి ఏ, ఇంకా తేలనివి బీ, ఆ దేశం పట్టాల ప్రత్యేకత వల్ల తప్పనివి సీ. ఆ గ్రూపులు ఇప్పుడు చట్టంలో అంత ముఖ్యం కాకపోయినా మీ తేడాల పట్టికలో పక్కన రాసుకోండి, ఆలోచన సూటిగా సాగుతుంది. మన కేసులో ఏటీబీ, 75 హెర్ట్జ్, రెండూ సీ.

అవతలి దేశం అధికారి ఇదీ కావాలి అన్నప్పుడు, అది అధికారికంగా నమోదైన నియమమేనా అని డేటాబేస్‌లో చూడండి. లేకపోతే మర్యాదగానే, ఏ నియమం కింద అడుగుతున్నారో నంబరు ఇవ్వగలరా అని మెయిల్ పెట్టండి. గొడవ పడొద్దు, వాళ్లూ ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ అడుగుతుంటారు. ఒక్కోసారి అలవాటు వెనక నిజమైన ప్రమాదం కథ ఉంటుంది, అది విని నియమం లేకపోయినా చేసిపెట్టిన సందర్భాలున్నాయి, అందులో చిన్నతనమేం లేదు.

అయిదో పని: అవసరాల షీట్, ముగ్గురు పరీక్షకులు

ప్రతి అవసరం ఒక వరుస. ఎక్కడ్నుంచి వచ్చింది, ఎవరు తీరుస్తారు, రుజువు ఏ డాక్యుమెంట్, దాని వెర్షన్ ఎంత, ఎవరు చూసి సరే అన్నారు. రెగ్యులేషన్ దీన్ని రిక్వైర్‌మెంట్స్ క్యాప్చర్ అంటుంది. నియమాల్లో రాసి లేని ప్రమాదాలు కూడా ఇందులోకి రావాలి, అందుకు 402/2013 నంబరు రిస్క్ పద్ధతి ఉంది.

వెర్షన్ గడిని తేలిగ్గా తీసుకోకండి. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో బ్రేకుల పరీక్ష రిపోర్టులో సాఫ్ట్‌వేర్ వెర్షన్ చివరి అంకె 3, టైప్ ఫైల్‌లో 4. మధ్యలో మారింది డ్రైవర్ తెర మీద ఒక అక్షరదోషం మాత్రమే. అది మాకు తెలుసు, చదివే అధికారికి ఎలా తెలుస్తుంది? ఆ రెండు వెర్షన్ల మధ్య బ్రేకుల కోడ్ మారలేదని సప్లయర్ చేత కాగితం రాయించుకోవడానికి ఏడు వారాలు పట్టింది, వేసవి సెలవులు కదా, యూరప్‌లో ఆగస్టులో ఎవరూ దొరకరు. తప్పు పూర్తిగా నాదే, షీట్‌లో ఆ గడి ఖాళీగా వదిలింది నేనే.

పరీక్షకులు ముగ్గురు. నోబో టీఎస్‌ఐలు చూస్తుంది, డీబో దేశీయ నియమాలు చూస్తుంది, ఆస్‌బో మీ రిస్క్ లెక్కలు చూస్తుంది. తెలుగులో వింటే ఒకే ఇంట్లో ముగ్గురు పిల్లల ముద్దుపేర్లలా ఉంటాయి. ఒకే సంస్థ మూడూ చేయొచ్చు, కానీ నెదర్లాండ్స్ నియమాలకి డీబోగా గుర్తింపు ఉందో లేదో కాంట్రాక్టుకి ముందే చూడండి. వాళ్ల దగ్గర మనుషులు తక్కువ, క్యూ ఎక్కువ, డిజైన్ అయిపోయాక పిలుద్దాంలే అనుకోకండి. జర్మనీ కోసం నోబో ఇచ్చిన సర్టిఫికెట్‌లో మారని భాగాన్ని మళ్లీ పరీక్షించనక్కర్లేదు, మారిన భాగానికే కొత్త పని. ఎవరైనా మొత్తం మళ్లీ చేయాలంటే ఎందుకని అడగండి.

పట్టాల మీద పరీక్షలకి నెదర్లాండ్స్‌లో లైన్లు చూసుకునే ప్రోరైల్‌తో మాట్లాడాలి. అవసరమైతే టెస్టుల కోసం తాత్కాలిక అనుమతి అక్కడి భద్రతా సంస్థ ఐఎల్‌టీ ఇస్తుంది. అడిగిన 3 నెలల్లోపు టెస్టులు జరిగేలా లైన్ల సంస్థ అన్ని ప్రయత్నాలూ చేయాలని డైరెక్టివ్ చెప్తుంది. అన్ని ప్రయత్నాలూ అన్న మాట గమనించండి, అది హామీ కాదు.

ఆరో పని: ముందే వెళ్లి కలవండి

దరఖాస్తుకి ముందు ప్రీ-ఎంగేజ్‌మెంట్ అనే దశ ఉంది. తప్పనిసరి కాదు, అందుకే డబ్బు మిగుల్చుకుందామని వదిలేస్తారు. వదలకండి. మీరు ఏ టీఎస్‌ఐ వెర్షన్ పట్టుకున్నారో, ఏ దేశీయ నియమాలు వర్తిస్తాయనుకుంటున్నారో, ఏ పరీక్షలు చేయబోతున్నారో ముందే పెడితే, ఫైల్ పూర్తిగా అందిందన్న తర్వాత 2 నెలల్లో అభిప్రాయం చెప్తారు, ఆ నియమాల జాబితా అక్కడ స్థిరపడుతుంది. మధ్యలో నియమం మారినా మీ నెత్తిన పడదు. భాష కూడా అప్పుడే అడిగేయండి, దేశీయ భాగం పత్రాలు డచ్‌లో కావాలో ఇంగ్లిష్ చాలో, అనువాదం ఖర్చు చిన్నదేం కాదు. ఫీజు గంటల లెక్కన పడుతుంది, అంటే గజిబిజి ఫైల్ పెడితే దాన్ని అర్థం చేసుకునే గంటలకి కూడా మీరే కట్టాలి.

ఏడో పని: దరఖాస్తు, ఆ తర్వాత వచ్చే ప్రశ్నలు

అంతా ఆన్‌లైన్‌లో, వన్ స్టాప్ షాప్ అనే పోర్టల్‌లో. జర్మనీ, ఆస్ట్రియా, నెదర్లాండ్స్ మూడూ కలిసిన అనుమతి కాబట్టి ఇచ్చేది ఈఆర్‌ఏ. ఐఎల్‌టీ తన దేశీయ నియమాల భాగం చూస్తుంది, జర్మనీ భాగం మళ్లీ తవ్వాల్సిన పని లేదు. ఫైల్ పూర్తిగా ఉందా లేదా అని నెలలోపు చెప్పాలి, పూర్తి ఫైల్ అందిన 4 నెలల్లోపు నిర్ణయం చెప్పాలి.

ఈ నాలుగు నెలలూ మీ టీమ్ సెలవులు పెట్టుకోకూడదు. ప్రశ్నలు ఇష్యూ లాగ్‌లో వస్తాయి, ఒక్కోదానికి 1 నుంచి 4 దాకా రకం వేస్తారు. 1 అంటే అర్థం కాలేదు, వివరించండి. 2 అంటే చిన్న సవరణ అవసరం కావొచ్చు. 3 అంటే సవరణ కావాలి, కానీ అనుమతిని ఆపదు, షరతు పెట్టి ఇవ్వొచ్చు. 4 వచ్చిందంటే అది తేలేదాకా అనుమతి రాదు. 4 చూడగానే టెన్షన్ పడి యాభై పేజీల జవాబు రాస్తారు చాలామంది. ముందు ఫోన్ చేసి అసలు సందేహం ఏంటో కనుక్కోండి, తర్వాత రెండు పేజీలు రాసి, రుజువు ఏ పేజీలో ఉందో చూపండి. ఒక్కోసారి 4 కాస్తా మర్నాటికి 1 అవుతుంది.

కాదంటే నెలలోపు పునఃపరిశీలన అడగొచ్చు, వాళ్లు 2 నెలల్లో నిలబెట్టాలి లేదా మార్చాలి, అప్పటికీ కాదంటే ఈఆర్‌ఏ అప్పీల్ బోర్డు ఉంది. అక్కడిదాకా వెళ్లే అవసరం రాకపోవడమే మంచిది.

రూట్ స్విట్జర్లాండ్ మీదుగా అయితే ఒక సంగతి మరవకండి, అది యూరోపియన్ యూనియన్‌లో లేదు. వాళ్ల రవాణా శాఖ బీఏవీ ఆఫీసుతో సమాంతరంగా ఇంకో ఫైల్ నడపాలి, ప్లాన్‌లో మొదటి రోజు నుంచే దానికి చోటు పెట్టండి.

అనుమతి వచ్చాక మిగిలే పనులు

టైప్ వివరాలు ఈఆర్‌ఏటీవీ రిజిస్టర్‌లో చేరతాయి. ఇంజన్ యజమాని తన బండి నమోదులో కొత్త వాడుక ప్రాంతం చేర్పించుకోవాలి, 12 అంకెల నంబరు మాత్రం మారదు. మెయింటెనెన్స్ బాధ్యత ఉన్న సంస్థకి కొత్త పరికరాల చెకింగ్ షెడ్యూలు ఇవ్వాలి, ఏటీబీ యాంటెన్నా ఎత్తు ఎన్నాళ్లకోసారి కొలవాలి లాంటివి. రైలు కంపెనీ ఆర్‌ఐఎన్‌ఎఫ్ తెరిచి రూట్ చెక్ చేసుకోవాలి. ఇక డ్రైవర్. ఇంజన్‌కి నాలుగు రకాల కరెంటు అర్థమైనా డ్రైవర్‌కి డచ్ రాకపోతే బండి సరిహద్దులో ఆగాల్సిందే, లైన్ల సంస్థ వాడే భాష మామూలుగా బీ1 స్థాయిలో రావాలని నియమం. అది మీ ఫైల్‌లో ఉండదు, కానీ కస్టమర్‌కి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే అనుమతి వచ్చిన రోజు సంతోషంగా ఫోన్ చేసి, మరి ఎవరు నడుపుతారు అని మిమ్మల్నే అడుగుతాడు.

ఫైల్ పంపిన రోజు ఎలా ఉందో అలాగే ఒక కాపీ తాళం వేసి పెట్టండి, తేడాల పట్టికతో సహా. ఏడాది తిరక్కుండా కస్టమర్ బెల్జియం అంటాడు. అక్కడ 3,000 వోల్టుల డీసీ, టీబీఎల్1 ప్లస్ అనే రక్షణ వ్యవస్థ, వాళ్ల ట్రాక్ సర్క్యూట్లు. పట్టికలో కుడివైపు ఇంకో గడి గీసి అక్కడ్నుంచి మొదలుపెట్టండి.